టైరును గూర్చి, గాలిని గూర్చి



నాలుగు చక్రములకును ఇంజను శక్తి నందించు బండిని కొన్నవారు, దానిని తారురోడ్డు మీదినుండి దింపి ఇసుకలోనికో, అడవిబాటలోనికో, కొండవాగులోనికో నడుపవలెనన్న ఉత్సాహము కలిగినంతనే మొట్టమొదట పోవునది టైర్ల దుకాణమునకు. అచ్చట గోడకు చేరవేసియుంచిన టైర్లలో దేని రబ్బరు దిమ్మలు మిక్కిలి పెద్దవిగా, దేని రూపము మిక్కిలి ఉగ్రముగా నుండునో దానిపైననే వారి చూపు నిలుచును. వేలకు వేలు చెల్లించి దానిని బిగించుకొందురు గాని, పక్కనే యున్న పంక్చరు షాపులో గాలి కొట్టు కుఱ్ఱవాడు "ఎంత పెట్టమంటారు సార్?" అని అడిగినప్పుడు మాత్రము "అందరికీ పెట్టినంతే పెట్టు బాబూ" అని బదులు చెప్పి, కారు తలుపు స్తంభముపై కర్మాగారమువారు అంటించిన చిన్న చీటీనైనను చూడకుండ సాగిపోవుదురు. నేటి ప్రసంగములో నేను విన్నవింపదలచినది ఆ కుఱ్ఱవాని ప్రశ్నను గూర్చియే యెక్కువ. టైరు కొన్ని యేండ్లకొకమారు మారును. దానిలోని గాలిని పూటకొకమారు, దాదాపు ఖర్చులేకుండ, మార్చుకొనవచ్చును. ఆ మార్పు నెఱిగినవాడు సామాన్యమైన టైరుతో దాటగల చోటును, ఎఱుగనివాడు మహార్ఘమైన టైరుతోను దాటలేడు.

బండి బరువును నేలమీద నిలుపునది చాలవఱకు టైరులో బంధింపబడిన గాలియే. లెక్క సులభమైనది. రెండువేల కిలోల బండికి ఒక్కొక్క చక్రముపై 500 కిలోల భారము పడుననుకొందము. టైరులో చదరపు అంగుళమునకు 30 పౌన్ల గాలి యున్నచో, అది చదరపు సెంటీమీటరునకు 2.1 కిలోలతో సమానము గనుక, ఆ భారమును మోయుటకు దాదాపు 240 చదరపు సెంటీమీటర్ల నేల చాలును. అనగా రెండు పోస్టుకార్డులను పక్కపక్కన పఱచినంత చోటు. గాలిని 15 పౌన్లకు దించినచో నాలుగు కార్డుల చోటు కావలసివచ్చును. నిజమునకు టైరు పక్కగోడల బిగువు కూడ కొంత బరువును మోయును గనుక పెరుగుదల సరిగా రెండింతలు కాకపోవచ్చును గాని, మెత్తనినేలపై బండి కూరుకొనునా తేలునా అను వివాదమును తీర్చుట కది చాలును. ఇంకొక విశేషమేమనగా, ఈ పెరుగుదల టైరు వెడల్పున స్వల్పముగను, పొడవున అధికముగను ఉండును. అందువలననే, మెత్తనినేల కొఱకని మిక్కిలి వెడల్పైన టైరును కొని దానిలో నిండుగా గాలి కొట్టించినవానికంటె, ఉన్న టైరులోనే గాలి దించుకొన్నవాడు ముందుకు పోవుచుండును.

ఈ యుపాయము క్రొత్తది కాదు. 1920ల చివరను, 1930ల యారంభమునను ఈజిప్టు పడమటి భాగమునను లిబియాలోను వ్యాపించియున్న లిబియా యెడారిలో రాల్ఫ్ బాగ్నోల్డ్ అను బ్రిటిషు సైనికాధికారి తన మిత్రులతో కూడి, వెనుక చక్రములు రెండింటికి మాత్రమే శక్తి యందు సామాన్యమైన ఫోర్డు కార్లలో సంచరించెను. టైర్లలో గాలి తగ్గించి, అనవసరమైన బరువును తీసివేసి, కూరుకొనిన చక్రముల క్రింద ఉక్కు పట్టాలను దూర్చి, కార్లకు అసాధ్యమని అందఱును భావించిన గ్రేట్ శాండ్ సీ అను మహాసైకతరాశిలోనికి ఆయన చొచ్చుకొనిపోయెను. ఇసుక యేల కదలును, దిబ్బ యేల నిలుచును అను జిజ్ఞాస ఆయన నెంతవఱకు తీసికొనిపోయినదనగా, 1941లో ఆయన వెలువరించిన ఇసుక దిబ్బల భౌతికశాస్త్ర గ్రంథము నేటికిని ఆ విషయమున ప్రమాణముగా నిలిచియున్నది. 1940లో ఆయనయే నెలకొల్పిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూపు వాడిన తొలి షెవ్రొలే లారీలకును నడిపించు చక్రములు వెనుకవే; తరువాత మన భారతీయ అశ్వికదళములనుండి తీసికొన్న సైనికులతో నేర్పడిన ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడ ఆ యెడారిలో వారితో కలిసి పనిచేసినది. నాలుగు చక్రముల శక్తి లేకుండగనే ఇంత దూరము పోయినవారి చరిత్రను చదివిన పిదప, నాలుగు చక్రముల బండిని 35 పౌన్ల గాలితో ఇసుకలో దింపి, పది గజములలో కూరుకొని, బండిని తయారుచేసిన కంపెనీని నిందించువారిని చూచినప్పుడు నవ్వవలెనో జాలిపడవలెనో తెలియదు. అదే యుద్ధకాలమున 1942లో అమెరికావారు నిర్మించిన డి.యు.కె.డబ్ల్యు. అను ఉభయచర లారీలో, డ్రైవరు తన పీఠమునుండి కదలకుండగనే నడుచుచున్న చక్రములలో గాలిని పెంచుటకును తగ్గించుటకును యంత్రసాధనము నమర్చిరి. నీటినుండి తీరపు ఇసుకపైకి, ఇసుకనుండి గట్టిరోడ్డుపైకి వెంటవెంటనే మారవలసిన బండికి ఆ సాధనమే ప్రాణము.

మనకట్టి సాధనము లేదు. పుల్లయో తాళముచెవియో చాలును. జైసల్మేరుకు పడమట నలుబది కిలోమీటర్ల దూరమున సమ్ అనుచోట ఇసుక దిబ్బలు మొదలగును. ఆ అంచున గట్టినేలపై బండి నాపి, వాల్వు మూతను విప్పి, అది ఇసుకలో పడకుండ జేబులో వేసికొని, వాల్వు నడుమనున్న సన్నని సూదిని నొక్కినచో, బుస్సుమని గాలి వెలికివచ్చును. వెలువడుచు వ్యాకోచించు గాలి గనుక ఎండవేళనైనను వ్రేలికి చల్లగా తగులును. కొంతసేపటికొకమారు నొక్కుట మాని మీటరు పెట్టి చూడవలెను. 30 నుండి 18కి వచ్చునప్పటికి టైరు అడుగుభాగమున పక్కగోడ కొంచెము ఉబ్బి, క్రొత్తవానికి పంక్చరైనదేమో యన్న భయము కలుగును. ఆ భయమును దిగమ్రింగి ఇరువది గజములు నడిపి, దిగి, వెనుకకు తిరిగి జాడను పరిశీలింపుడు. నిండుగాలి టైరు వదలిన జాడ లోతైన కాలువవలె నుండి, రెండువైపులను ఇసుక గట్టుకట్టి, దిమ్మల ముద్ర చెరిగిపోయి యుండును. గాలి దించిన టైరు జాడ లోతులేనిదై, వెడల్పై, టైరుపై నున్న ప్రతి గాడియు స్ఫుటముగా ముద్రపడి యుండును. ముద్ర చదువదగినట్లున్నంతవఱకు బండి ఇసుకపై తేలుచున్నదని గ్రహింపవలెను. అది చెరిగిపోవ నారంభించినచో 15కు, మఱియు మెత్తనిచోట 12కు దించవచ్చును. పదికి దిగువకు పోవుట మాత్రము ప్రమాదకరము. టైరు అంచును రిమ్మునకు అదిమిపట్టి యుంచునది కూడ ఆ గాలియే గనుక, అది చాలనప్పుడు ఒక్క గట్టి మలుపునకు టైరు రిమ్మునుండి ఊడివచ్చును. ట్యూబుగల పాత టైర్లలో ఇంకొక చిక్కు కలదు: గాలి మఱీ తగ్గినచో రిమ్ము తిరిగినంత వేగముగా టైరు తిరుగక జాఱి, ట్యూబు వాల్వును మొదలంట త్రెంపివేయును.

దించిన గాలితో నడుపువాడు తన నడకను కూడ మార్చుకొనవలెను. స్టీరింగును ఒక్కసారిగా త్రిప్పరాదు. వేగము గంటకు ముప్పది, నలుబది కిలోమీటర్లకు మించరాదు. ఇసుకలో ఆగవలసివచ్చినప్పుడు బ్రేకు నొక్కినచో చక్రముల ముందు ఇసుక గుట్టపడును. బయలుదేఱునప్పుడు ఆ గుట్టనే మొదట ఎక్కవలసివచ్చును గనుక, యాక్సిలరేటరు వదలి, బండిని దానంతట దానిని ఆగనిచ్చుట, వీలైనంతవఱకు దిగుడువైపునకు ముఖముపెట్టి నిలుపుట అనుభవజ్ఞుల పద్ధతి. కూరుకొనుచున్నదని తోచిన మరుక్షణమే చక్రములను గిరగిర త్రిప్పుట మాని, వచ్చిన జాడలోనే మెల్లగా వెనుకకు మరలవలెను. ఒకమారు ఇరుసు ఇసుకకు తగిలిన తరువాత పార తప్ప వేఱుగతి లేదు.

ఇచ్చట నేను చెప్పిన అంకెలు రెండువేల కిలోల బండికి తగినవి. మారుతి జిమ్నీ వంటి పన్నెండువందల కిలోల బండికి అదే ఇసుకలో ఇంకను మూడు నాలుగు పౌన్లు తక్కువ సరిపోవచ్చును. వెనుక సీటు తీసి, నీటిడబ్బాలు, గుడారములు నింపుకొన్న బండికి వెనుక చక్రములలో మూడు నాలుగు పౌన్లు ఎక్కువ కావలెను. ఒకరి అంకెను మఱొకరు కంఠస్థము చేయుట వలన లాభము లేదు. సముద్రతీరపు ఇసుకను గూర్చి కూడ ఒక్కమాట. శీతకాలము చివరినుండి వేసవి యారంభము వఱకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన కోస్తా ఇసుకలో గుంటలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. ఆ తీరమున బండి నడుపుటకు ఏ గాలియు సరియైనది కాదు.

బురద విషయము ఇసుకకంటె జటిలమైనది, ఏలయన బురద ఒకటి కాదు. అడుగున గట్టినేల యుండి, పైన జానెడు రొంపి యున్నచోట సన్నని టైరే మేలు. అది రొంపిని చీల్చుకొని దిగి గట్టినేలను పట్టుకొనును. రెండవ ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపునకు ఆఱంగుళముల వెడల్పుగల టైర్లే యుండుట ఈ విషయమున లోపము కాదు. అట్టిచోట గాలి దించవలసిన అవసరమును స్వల్పమే; 22 పౌన్లో 25 పౌన్లో చాలును. అడుగెక్కడో తెలియని ఊబివంటి నేలపై మాత్రము వెడల్పును, తక్కువ గాలియు కావలెను. కాని నంద్యాల ప్రాంతమునందును ఆదిలాబాదునందును వానపడిన నల్లరేగడిలో బండి దింపినవారు ఈ రెండు సూత్రములును పనిచేయని మూడవ బురదను చూచియుందురు. నీటిని పీల్చి ఉబ్బు స్వభావముగల ఆ మన్ను టైరు గాడులన్నిటిని నింపి, రెండు చుట్లు తిరుగునప్పటికి ఎంతటి దిమ్మల టైరునైనను నున్నని మట్టిచక్రముగా మార్చివేయును. పైగా చక్రముతోపాటు తిరిగి మడ్‌గార్డు లోపల పేరుకొని, తుదకు చక్రమునే బిగించివేయును. మడ్ టెర్రెయిన్ అని పిలువబడు టైర్లలో దిమ్మల నడుమ వెడల్పైన ఖాళీ ఉంచుట, చక్రము వేగముగా తిరిగినప్పుడు ఆ మన్ను విసరివేయబడి గాడులు శుభ్రపడుటకే. సైనిక జీపుల టైర్లకు అడ్డముగా, రెండు దిశలకును ఒకే తీరుగా నుండు దిమ్మలు చూచుట కందముగా నున్నను, ఇట్టి జిగటమన్నును విసరివేయుటలో అవి మందములు. మన రైతులు ఈ సమస్యను ఏనాడో వేఱొక విధముగా పరిష్కరించుకొనిరి: వరిమడిలో దిగునప్పుడు ట్రాక్టరుకు ఇనుప దమ్ము చక్రములను బిగించి పని కానిత్తురు. ఆ చక్రములతోనే తారురోడ్డెక్కి రోడ్డును చెక్కివేయుట వేఱు సంగతి. జీపు యజమానికి ఆ సౌకర్యము లేదు గనుక, తడిసిన రేగడిని చూచినప్పుడు నా సలహా యొక్కటే: ఒక యెండ కాయువఱకు ఆగుడు.

రాళ్లపై గాలి దించుట వలన టైరు రాతిని కౌగిలించుకొని జాఱక నిలుచును, లోనివారికి కుదుపును తగ్గును. కాని అదే సమయమున పక్కగోడ వెలికి ఉబ్బి, పలకలు పలకలుగా విచ్చు వాడియైన రాళ్ల యంచులకు గుఱియగును. దిమ్మల నడుమ దిగిన మేకును పంక్చరు షాపువాడు ఐదు నిమిషములలో సరిచేయును. పక్కగోడ చీలినచో టైరు పోయినట్లే. అందుచేత రాళ్లపై 20 పౌన్లకు దిగువకు పోకుండుట మంచిది. గుండ్లవలె నున్ననైన మన దక్కను గ్రానైటు రాళ్లపై ఈ భయము తక్కువ. కంకరబాటలకు మామూలు గాలిలో నాలుగవవంతు దించిన చాలును.

ఇక టైరు నెన్నుకొనుట. బజారులో మూడు జాతులు కలవు. హైవే టెర్రెయిన్ తారురోడ్డు కొఱకు పుట్టినది. మడ్ టెర్రెయిన్ బురద కొఱకు పుట్టి, తారురోడ్డుపై హోరుమని మ్రోగుచు, తడిరోడ్డుపై బ్రేకుకు తడబడుచు, త్వరగా అరిగిపోవును. ఆల్ టెర్రెయిన్ ఈ రెండింటి నడుమ నుండి దేనియందును ప్రథమస్థానము నాశింపనిది. నూరు కిలోమీటర్లలో తొంబది తారురోడ్డుపై నడచి, పది మాత్రమే దారి విడుచు గృహస్థునకు ఈ మధ్యమజాతియే యుచితమని నా నిశ్చితాభిప్రాయము; మిగిలిన కొఱతను గాలి తీర్చును. దిమ్మల లోతుకంటె ముందు చూడవలసినది పక్కగోడ యెత్తు. మహీంద్రా 2020లో విడుదలచేసిన థార్‌నే తీసికొందము. దాని చవుకరకపు బండికి 245/75 ఆర్16 టైర్లును, ఖరీదైన రకమునకు 255/65 ఆర్18 టైర్లును ఇచ్చిరి. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు. రెండవది ఆ వెడల్పులో పక్కగోడ యెత్తు నూటికెంత యని తెలుపును. ఆర్ అనునది రేడియల్ నిర్మాణమునకు గుఱుతు. చివరిది రిమ్ము వ్యాసము అంగుళములలో. గుణించి చూచినచో మొదటిదానికి 184 మిల్లీమీటర్ల గోడయు, రెండవదానికి 166 మిల్లీమీటర్ల గోడయు తేలును. పెద్ద రిమ్ము చూపునకు ఠీవిగా నుండును గాని, గాలి దించినప్పుడు వంగుటకును, రాయి తగిలినప్పుడు రిమ్మును కాపాడుటకును చోటు చవుకబండికే యెక్కువ.

పక్కగోడపైననే ఇంకను చదువవలసినవి కలవు. పరిమాణము తరువాత నుండు అంకె భారసూచిక. 100 అనగా ఒక్కొక్క టైరు నిండుగాలితో 800 కిలోలు మోయును. దాని పక్కనుండు అక్షరము వేగపరిమితి. క్యూ అనగా గంటకు 160 కిలోమీటర్లు. దీర్ఘవర్తులాకారపు చిన్న గడిలో నాలుగంకెలుండును. 2319 అని యున్నచో ఆ టైరు 2019లో ఇరువదిమూడవ వారమున తయారైనదని యర్థము. దుకాణములో ఎండిపోయిన పాతటైరును క్రొత్తదని అంటగట్టకుండ కాపాడునది ఆ నాలుగంకెలే. నాలుగు టైర్లును, వీలైనంతవఱకు స్టెప్నీయును ఒకే పరిమాణముతో, ఒకే యరుగుదలతో ఉండవలెనన్న నియమము నాలుగు చక్రముల బండికి ప్రాణాధారము. చుట్టుకొలతలు భిన్నమైనచో ముందు వెనుక ఇరుసులు భిన్నవేగములతో తిరుగజూచి, వానిని కలుపు గేరుపెట్టెను నలిపివేయును. పెద్ద టైర్లు వేసికొన్నవారు, తమ స్పీడోమీటరు అసలు వేగముకంటె తక్కువ చూపుచుండునని కూడ గుర్తుంచుకొందురుగాక.

లడఖు యాత్రికులు తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: 5359 మీటర్ల యెత్తునగల ఖార్దుంగ్ లా ఎక్కునప్పుడు బయటి గాలి పలుచబడును గనుక టైరులో ఒత్తిడి పెరిగి పగులునా యని. సముద్రమట్టమున 30 పౌన్లు కొట్టించిన టైరు అంత యెత్తున, వేడిమి మారకున్నచో, మీటరుపై 37 చూపును. కాని క్రింద ముప్పది డిగ్రీలుండి పైన సున్నా డిగ్రీలున్నచో చలివలన టైరులోని గాలి సంకోచించి, తుదకు పెరుగుదల మూడు పౌన్లకు మించదు. ప్రకృతి తానే లెక్క సరిచూచుకొనుచున్నది. యాత్రికుడు దిగులుపడ నక్కఱలేదు.

దిగులుపడవలసినది తిరుగుప్రయాణమున. దించిన గాలితోనే హైవే యెక్కి ఎనుబది కిలోమీటర్ల వేగమున పోవుచో, ప్రతి చుట్టునను పక్కగోడ వంగి లేచి, ఆ వంపువలన వేడి పుట్టి, లోపలి పొరలు విడిపోయి టైరు బ్రద్దలగును; దారి విడిచిన ప్రయాణములలో నేను వినిన ఘోరప్రమాదములు ఇసుకలో కంటె ఇసుకనుండి ఇంటికి వచ్చుచు జరిగినవే యెక్కువ. ఆస్ట్రేలియా డ్రైవర్లు పాటించు చక్కని పరీక్ష యొకటి కలదు: చల్లని టైరులో గాలి చూచి, గంటసేపు నడిపి మరల చూచినచో నాలుగు పౌన్లకు మించి పెరిగియున్నయెడల, ఆ భారమునకు, ఆ వేగమునకు మీ గాలి చాలదని యర్థము. వేడెక్కిన టైరులో పెరిగినదని గాలి తీయుట మాత్రము అవివేకము. బ్యాటరీతో నడుచు చిన్న కంప్రెసరును బండిలో పెట్టుకొన్నచో తారురోడ్డు అంచుననే, చెట్టునీడన కూర్చుండి, చక్రమునకు కొన్ని నిమిషముల చొప్పున గాలి నింపుకొనవచ్చును. అది లేనివారు దగ్గఱి పంక్చరు షాపు వఱకు మెల్లగా పోవలెను.

కాలితో టైరును తన్ని గాలి చెప్పువారు మన దేశమున కొల్లలు. ఈ రేడియల్ టైర్ల కాలమున 30కిని 22కును తేడా కాలికి గాని కంటికి గాని తెలియదు. కావున క్రొత్త టైర్లకై దుకాణమునకు బయలుదేఱుచున్న శ్రోతలకు నా మనవి: ముందుగా నమ్మకమైన గాలి మీటరొకటి కొనుడు. రేపు ఉదయము బండి కదలకముందే నాలుగు చక్రములలోను, స్టెప్నీలోను ఎంత యున్నదో కొలిచి, తలుపు స్తంభముపై చీటీలోని అంకెతో సరిచూడుడు.